విప్పడానికి ఎంతసేపు?

రిజిస్టర్ మొత్తం ఖాళీ అయిపోయిందన్న కబురు చెప్పేటప్పుడు కూడా చీఫ్ చేతిలోని టీ కప్పు కింద పెట్టలేదు.

"కంగారు పడకు. బ్యాకప్ ఉంది," అన్నాడు.

ఎదురుగా నిలబడ్డ ఏజెంటుకి ఫైళ్ళలో ఒక నంబరుంది. ఆఫీసులో మాత్రం అటెండర్ల దగ్గర్నుంచి అధికారుల దాకా వెనకాల పిలిచే పేరు ముక్కోపి. ఆ పేరు అతనికీ తెలుసు. తెలిసినందుకు ఇంకాస్త కోపం.

"ఏ రిజిస్టర్ సార్?"

"బయటి రిజిస్టర్."

బయటి రిజిస్టర్ అంటే సరిహద్దు అవతల మారుపేర్లతో, మారు ముఖాలతో పనిచేసే మనవాళ్ళ డేటాబేస్. వేలిముద్ర, కంటిపాప, గొంతు, అసలు పేరు, అన్నీ అందులోనే. వాళ్ళు తిరిగి రావడానికి ఒకటే దారి, నది మీద వంతెన. ఆ వంతెన చివర గేటు మనదీ కాదు, అవతలివాళ్ళదీ కాదు. ఇద్దర్నీ నమ్మని మూడో దేశపు శాంతిదళం దానికి కాపలా. వాళ్ళకి మనిషి మాటతో పనిలేదు. అద్దం మీద బొటనవేలు పెడితే గేటు గదిలోని మెషిన్ తన దగ్గరున్న రిజిస్టర్ కాపీతో పోల్చి చూస్తుంది. పచ్చలైటు వెలిగితే లోపలికి, ఎర్రలైటు వెలిగితే వచ్చిన దారినే వెనక్కి. ఆమధ్య ఎవడో దొంగగొంతుతో ఫోన్లో ఆర్డరిచ్చి ఒకణ్ణి దాటించేశాడు. అప్పట్నుంచీ అక్కడ ఫోన్ మాట కూడా చెల్లదు. ఆ రూలు పట్టుబట్టి పెట్టించింది ఈ చీఫే.

"ఇవాళ దాటేవాళ్ళెవరైనా ఉన్నారా?"

చీఫ్ ఒక గుటక వేశాడు. "పొద్దున్నే మెసేజ్ వచ్చింది. 'సిమెంటు గట్టిపడింది' అని."

ఆ కోడ్ ఒక్కడిదే. కత్తెర ముఠా అని పేరుపడ్డ విదేశీ గ్యాంగు ఇళ్ళకి గోడలు కడుతూ, ఆ గోడల వెనక మాటలు వింటూ మూడేళ్ళుగా తాపీమేస్త్రీ వేషంలో ఉన్న మనిషిది. దాని అర్థం: నా మీద అనుమానం వచ్చింది, వెంటపడ్డారు, గేటు మూసేలోపు వచ్చేస్తున్నాను. ఆ మేస్త్రీ సాక్షాత్తూ ముక్కోపి అక్క మొగుడు.

"గేటు ఐదింటికి మూస్తారు. బ్యాకప్ ఉందన్నారుగా, ఎక్కించండి."

"ఎక్కిస్తున్నారు. పదకొండు గంటలు పడుతుందట."

గోడ గడియారం పది దాటింది. ఎర్రలైటు వెలిగితే బావ వెనక్కి నడవాలి. వెనకాల కత్తెర ముఠా మనుషులు ఉంటారు. ఇందులో లెక్క వేయడానికేముంది?

"ఆ కప్పు కింద పెట్టండి సార్," అన్నాడు ముక్కోపి. "మీరు పెడతారా, నన్ను పెట్టమంటారా?"

చీఫ్ కప్పు కింద పెట్టాడు.

*

సర్వర్ రూములో చలి వణికిస్తోంది. స్టోరేజీ ఇంజనీరుకి మాత్రం చెమటలు పడుతున్నాయి. స్క్రీన్ మీద రిస్టోర్, అంటే బ్యాకప్ విప్పి తిరిగి ఎక్కించే పని, నడుస్తోంది. ఒక్క శాతం. చాలాసేపట్నుంచి ఒక్క శాతమే. దాని పైన గోడకి అద్దాల ఫ్రేములో ఒక సర్టిఫికెట్ వేలాడుతోంది: స్టోరేజీ ఆదాలో ప్రథమ స్థానం.

"ఇంతసేపు ఎందుకు?" ముక్కోపి అడిగాడు.

"ఇదివరకు లైట్ కంప్రెషన్ వాడేవాళ్ళం సార్, ఫైలుని కొంచెమే కుదించేవాళ్ళం. ఫైలు పెద్దది, కానీ చిటికెలో తెరుచుకునేది. డిస్కులు నిండిపోతున్నాయని చీఫ్‌గారు ఒక కన్సల్టెంట్‌ని పిలిపించారు. ఆవిడ హైయెస్ట్ లెవెల్ పెట్టమన్నారు. ఫైలు పదో వంతుకి దిగింది."

"బాగుంది. బదులుగా మనం ఏమిచ్చుకున్నాం?"

"టైము సార్. ఈ పద్ధతిలో మూయడానికి ఎంతసేపో తెరవడానికీ అంతసేపే."

"నాకు అంతా అక్కర్లేదు. ఒక్క మనిషి రికార్డు చాలు. అది లాగు."

"మొత్తం ఒకటే ముద్ద సార్. ఊలుబంతి లాగా కొస పట్టుకుని మొదట్నుంచీ విప్పుకుంటూ రావాల్సిందే. మధ్యలో చెయ్యి పెట్టలేం. నాలుగు మెషిన్లకి పంచుదామన్నా కుదరదు."

"ముక్కలు ముక్కలుగా కంప్రెస్ చేసుంటే?"

"అప్పుడు కుదిరేది. కావలసిన ముక్క ఒక్కటే విప్పేవాళ్ళం. కానీ అలా చేస్తే సైజు కొంచెం పెరుగుతుంది. ఆవిడ వద్దన్నారు."

"ఎప్పుడైనా తెరిచి చూశారా దీన్ని?"

ఇంజనీరు కీబోర్డు వంక చూశాడు. "బ్యాకప్ రోజూ తీస్తాం సార్. రిస్టోర్ ఎప్పుడూ అవసరం పడలేదు."

"తెరవని బ్యాకప్ ఎందుకయ్యా, దణ్ణం పెట్టుకోడానికా? ఇంత టైము పడుతుందని నీకు ముందే తెలుసా?"

"అనుమానం ఉండేది."

"మరి నోరెందుకు విప్పలేదు?"

"ఆదా అందరికీ బాగా నచ్చింది సార్. నేనొక్కణ్ణే కాదంటే ఏం బాగుంటుంది?"

ముక్కోపికి ఆ ఫ్రేము తీసి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టాడు కూడా. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది, ఊడిన నాలుకని ఫ్రేము కట్టించి మరీ పెట్టుకున్నారు! గాజుపెంకులు ఇంజనీరు బూట్ల దాకా దొర్లాయి. అతను కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"రిజిస్టర్ చెరిపిందెవరి లాగిన్‌తో?"

"ఆ కన్సల్టెంట్‌గారి లాగిన్‌తోనే. సైజులు కొలుచుకోడానికి ఇచ్చాం. పనయ్యాక క్లోజ్ చేయడం..."

"మర్చిపోయారు."

"మర్చిపోయాం. తెల్లారగట్ట లోపలికొచ్చింది. చెరిపే ముందు మొత్తం కాపీ చేసుకుంది. చూడండి, ఈ కాపీ మాత్రం లెవెల్ వన్‌లో తీసుకుంది."

"అంటే?"

"అన్నిటికంటే తేలిక కంప్రెషన్. తొందర్లో ఉన్న దొంగ మూట గట్టిగా బిగించడు కదా. ఫైలు భారీగా ఉంటుంది. కానీ ఎంత డొక్కు మెషిన్లోనైనా పావుగంటలో తెరుచుకుంటుంది."

ముక్కోపి నవ్వాడు. అతను నవ్వితే ఆఫీసులో జనం పక్కకి తప్పుకుంటారు. "మన సరుకు మన దగ్గరకంటే దొంగ దగ్గరే భద్రంగా ఉందన్నమాట. అది దొరికితే గేటు మెషిన్ ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకుంటుంది. చేతికిచ్చే విడి రికార్డుల్ని గేటు వాళ్ళు నమ్మరు. మొత్తం రిజిస్టర్ మన డిజిటల్ ముద్రతో ఉంటేనే తీసుకుంటారు. ఆవిడ మొత్తంగా లాగింది కాబట్టి ముద్ర చెక్కుచెదరదు."

"అయితే లైన్లో పంపిద్దాం."

"గేటు లైను చాలా సన్నం సార్. రోజూ మార్పులు మాత్రమే పంపుతాం. ఇవాళ పొద్దున వెళ్ళిన మార్పు ఒక్కటే. అన్నీ చెరిపెయ్ అని." ఇంజనీరు నుదురు తుడుచుకున్నాడు. "చిన్న ఫైలు లైన్లో పడుతుంది, తెరుచుకోదు. పెద్ద ఫైలు తెరుచుకుంటుంది, లైన్లో పట్టదు."

"సరే, నా చేతుల్లో పడుతుందిగా," అన్నాడు ముక్కోపి.

*

ఆ కన్సల్టెంట్‌ని మార్కెట్లో అందరూ నెమలి అంటారు. ఆవిడ నడిచొస్తుంటే మీటింగుల్లో లెక్కలు తప్పుతాయని ప్రతీతి. ఎక్కడుందో కనుక్కోవడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. ఊరి నడిమధ్య హోటల్లో ఇవాళ మధ్యాహ్నం ఆవిడ సెమినారు ఉంది. చీఫ్ తన కోసం ముందు వరసలో సీటు కూడా బుక్ చేసుకున్నాడు.

"ఆ సీటు ఇటివ్వండి. అరెస్టు చేయిస్తే ఆ కాపీ ఉన్న డ్రైవ్ ఎక్కడుందో చెప్పదు. ఐదింటిలోగా అసలే చెప్పదు. కొనేవాడికి ఇవాళ అక్కడే అప్పజెప్తుంది, లేకపోతే ఇంత పని చేసి ఊళ్ళో ఎందుకుంటుంది?"

"జాగ్రత్త. ఆవిడ మన మనిషి," అన్నాడు చీఫ్ గొంతు తగ్గించి. "కత్తెర ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చెప్తుంది. డబుల్ ఏజెంట్."

"ఆవిడ మన మనిషని ఆవిడకి తెలుసా సార్?"

చీఫ్ సెమినారు పాసు తీసి బల్ల మీద పెట్టాడు. కంచే చేను మేస్తుంటే ఆ కంచెకి జీతమిస్తున్న మనిషితో ఇంకేం మాట్లాడతాం?

కారులో కూర్చుని ముక్కోపి మీసం అంటించుకున్నాడు. పొట్టకి దూది కట్టుకున్నాడు. చొక్కాకి బ్యాడ్జి: సహకార బ్యాంకు మేనేజరు. చెవిలో శనగగింజంత రేడియో, చేతిలో ఎక్కడైనా పట్టే కేబులు. మీసం ఒక పక్క ఇంకా ఆరకముందే అక్క ఫోన్ చేసింది.

"ఏరా, మీ బావ ఇవాళ వస్తున్నాడా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తార్రా నాకు? నెలకోసారి మీ ఆఫీసాయన ఫోన్ చేసి అంతా బాగుందమ్మా అంటాడు. ఇవాళ పొద్దున్నించీ రెండుసార్లు చేసి అంతా బాగుందన్నాడు. అంటే ఏదో బాగాలేదు."

"అక్కా, ఐదింటికల్లా..."

"నాకు టైములు చెప్పకు. మూడేళ్ళు టైములే చెప్పారు. మనిషిని తీసుకురా." అంది అక్క. "నీకు కోపమెక్కువని చిన్నప్పట్నుంచీ ఎంతమంది చేత తిట్లు తిన్నానురా నేను. ఇవాళ ఆ కోపం ఎవరిమీద చూపిస్తావో చూపించు. నేనేం అనను."

ఫోన్ పెట్టేసింది. మీసం వంకరగా ఆరింది.

*

హాలు కిటకిటలాడుతోంది. వేదిక మీద నెమలి. నీలం సూటు, ఎత్తు మడమల చెప్పులు, మైకు లేకపోయినా వెనక వరస దాకా వినపడే గొంతు. చేతిలో ఒక దూది బొంత ఉంది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతికి గొట్టం పెట్టి, స్విచ్ నొక్కింది. గాలి బుస్సుమని బయటికొచ్చింది. మంచమంత బొంత అందరూ చూస్తుండగానే పలకంత అయింది.

"మీ డేటా కూడా ఇంతే! తక్కువ చోటు, ఎక్కువ ఆదా!" అంది నెమలి.

చప్పట్లు మోగాయి. బ్యాంకులవాళ్ళు, ఆస్పత్రులవాళ్ళు, కరెంటు ఆఫీసువాళ్ళు, అందరూ కొడుతున్నారు. ముక్కోపి తన చేతులు రెండూ జేబుల్లో దూర్చుకున్నాడు. వీళ్ళలో ప్రతివాడి వెనకా ఏదో ఒక గేటుంది, ఆ గేటు దగ్గర ఎవడో ఒకడు వేలు పెట్టి నిలబడతాడు. ఒక్కడికి, ఒక్కడికైనా ఆ సంగతి తట్టదే!

కొనేవాడెవడో కనిపెట్టేదాకా నోరు మెదపకూడదనుకుని వచ్చాడు. నోరు ఆగలేదు.

"మేడమ్!" లేచి నిలబడ్డాడు. హాలంతా అతని వైపు తిరిగింది. "అంతా బాగానే ఉంది. విప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

నెమలి అతని వైపు చూసింది. కంగారు పడుతుందనుకున్నాడు. ఆవిడ మొహం విప్పారింది!

"మంచి ప్రశ్న," అంది నెమ్మదిగా, పాఠం అప్పజెప్తున్నట్టు. "తొందరున్నవాళ్ళు తేలిగ్గా కట్టుకోవాలి. ఇలా రండి, మంచి ప్రశ్న అడిగినవారికి మా కంపెనీ కానుక ఉంది."

ముక్కోపి వేదికెక్కాడు. ఆవిడ ఒక వెల్వెట్ పౌచ్ అతని చేతిలో పెట్టి, షేక్‌హ్యాండ్ ఇస్తూ చెవి దగ్గరగా వంగింది. "ఆలస్యమయ్యారు. ఫైలు కొంచెం పెద్దది, ఏమనుకోకండి."

పౌచ్ లోపల నలుచదరంగా, చల్లగా ఒక డ్రైవ్ తగిలింది. ముక్కోపి నోట మాట రాలేదు. జీవితంలో మొదటిసారి రాలేదు.

అతను మెట్లు దిగుతుండగా వెనక వరసలోంచి పొడుగుకోటు మనిషి ఒకడు లేచాడు. విదేశీ యాస. మాటలు మాత్రం అచ్చంగా అవే, బట్టీ పట్టిన పాఠం.

"మేడమ్. విప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

నెమలి మొహంలో నెత్తురు చుక్క లేదు. పొడుగుకోటు ఆవిడని చూశాడు, ముక్కోపి చేతిలోని పౌచ్‌ని చూశాడు, చెయ్యి కోటులోకి పోనిచ్చి వేదిక దగ్గరికి దూసుకొచ్చాడు. ముక్కోపి దగ్గర్లో ఉన్న బొంత సంచి లాక్కుని మూతి పీకి వాడి మొహాన విసిరాడు. బొంత గాలి పీల్చుకుని వాడి మీద ఉబ్బింది. ముక్కోపి వంటవాళ్ళ తలుపులోంచి మెట్ల మీదకి దూకాడు.

*

పార్కింగులో, ఆ మెట్ల కిందే ఉన్న అతని కారుకి ఆనుకుని నెమలి నిలబడి ఉంది, లిఫ్టులో ముందే దిగొచ్చినట్టుంది. చెప్పులు ఒక చేతిలో, పిస్టల్ ఇంకో చేతిలో.

"డ్రైవ్ ఇటివ్వండి మేనేజర్‌గారూ."

"కాల్చు! మా బావని చంపడానికి కంప్యూటర్ మీద ఒక మీట నొక్కావు, ఇప్పుడు ఇంకోటి నొక్కడానికి అంత ఆలోచనెందుకు?"

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. వంకర మీసం, జారిపోయిన దూది పొట్ట. "మీరు మావాళ్ళు కాదు. మరి ఆ ప్రశ్న మీకెలా తెలిసింది?"

"తెలియడమేమిటి? అడగాలనిపించి అడిగాను."

"నిజంగానే అడిగారా?" నెమలికి నవ్వాగలేదు. పిస్టల్ ఊగిపోతోంది. "ఇన్నేళ్ళలో ఏ కస్టమరూ నన్ను ఆ మాట అడగలేదండీ. ఎవరూ పొరపాటున కూడా అడగరనే దాన్ని కోడ్‌గా పెట్టుకున్నాం!"

టప్‌మని కారు అద్దం పగిలింది. పొడుగుకోటు మెట్ల మీద నిలబడి రెండోసారి గురిపెడుతున్నాడు, ఈసారి నెమలికి.

"నేను ఇద్దరికి అమ్మాననుకుంటున్నాడు," అంది నెమలి.

"అమ్మలేదా?"

"ఈసారి అమ్మలేదు! అదే అన్యాయం!" తలుపు తెరుచుకుని కారులో పడింది. "పోనివ్వండి, పోనివ్వండి. కావాలంటే అరెస్టు చేసుకోండి, కానీ త్వరగా!"

కారు నది రోడ్డెక్కింది. వెనకాల నల్ల వ్యాను. నెమలి పగిలిన అద్దంలోంచి చెయ్యి చాపి కాలుస్తోంది. ముక్కోపి ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఆవిడ సూటు పట్టుకుని తిడుతున్నాడు. ఎన్నో తిట్టాడు. చివరికి ఆవిడకీ మండింది.

"చెరిపింది నేనే, ఒప్పుకుంటాను. నా పనే అది. కానీ ఆ లెవెల్ పెట్టింది నేను కాదు, సలహా ఇచ్చానంతే. ఆ సలహాలో అబద్ధం ఒక్కటి లేదు. విప్పడానికి పదకొండు గంటలు పడుతుందని మూడో పేజీలో రాసే ఇచ్చాను. మీ చీఫ్ మొదటి పేజీ చదివి చివరి పేజీలో సంతకం పెట్టాడు. మధ్యలో కాగితం తిప్పనైనా తిప్పలేదు. నా ఎదురుగానే!"

ముక్కోపి ఆవిడ సూటు వదిలేశాడు. ఇంతసేపూ కోపానికి ఒక మొహం ఉంది, అందమైన మొహం. ఇప్పుడు ఆ మొహం మీద ఉమ్మి లాభం లేదు. శత్రువు శత్రువు పనే చేస్తాడు. మనవాళ్ళు మనపని చేయకపోవడానికి ఎవణ్ణి కాల్చాలి? పళ్ళు పటపటలాడించి యాక్సిలరేటర్ తొక్కాడు. నెమలి తూటా తగిలి వ్యాను టైరు పేలింది. వ్యాను అడ్డం తిరిగి రెయిలింగుకి గుద్దుకుంది.

*

ఐదింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. గేటు గదిలో శాంతిదళం కెప్టెన్ తాపీగా డ్రైవ్ అటూ ఇటూ తిప్పి చూశాడు. నేర్చుకున్న భాషలో ఒక్కో మాటా తూచి మాట్లాడతాడు.

"మొత్తం రిజిస్టరేనా? ముక్క కాదుగా?"

"మొత్తం. ముద్ర చూసుకోండి."

"చూస్తుంది. మెషిన్ చూస్తుంది."

కేబులు పెట్టారు. పాత మెషిన్ గుర్రుమంది. శాతాలు కదిలాయి. పది, పదిహేను, ఇరవై. దొంగ తొందరలో కట్టిన మూట ఇట్టే విడిపోతోంది. ముక్కోపి కిటికీలోంచి వంతెన మీదకి చూశాడు. అవతలి ఒడ్డునుంచి కూలీల వరస వస్తోంది. వాళ్ళలో బావ ఎవరో అతనికే తెలియదు. మూడేళ్ళ కిందట డాక్టర్లు మార్చిన మొహాన్ని ఇంట్లోవాళ్ళెవరికీ చూపించలేదు.

ఒక్కొక్కరే వేలు పెడుతున్నారు. రోజూ కూలికొచ్చేవాళ్ళకి వేరే పాసులున్నాయి, వెళ్ళిపోతున్నారు. డెబ్బై శాతం దగ్గర తెల్లగడ్డం మనిషి ఒకడు అద్దం ముందుకొచ్చాడు. భుజాన తాపీ, బకెట్టు.

ఎర్రలైటు వెలిగింది.

సెంట్రీ వెనక్కి చెయ్యి చూపించాడు. ఆ మనిషి మాట్లాడలేదు. తనెవరో వాదిస్తే వంతెన మధ్యలో రెయిలింగుకి ఆనుకున్న కత్తెర ముఠా మనుషులిద్దరికీ వినపడుతుంది. వాళ్ళు నిటారుగా నిలబడి జేబుల్లో చేతులు పెట్టుకున్నారు. మేస్త్రీ బకెట్టు చేతిలోకి మార్చుకుని వాళ్ళవైపే నడవడం మొదలుపెట్టాడు.

"అతన్ని వెనక్కి పిలవండి! ఇంకోసారి చూడండి!"

"మేము పిలవకూడదు," అన్నాడు కెప్టెన్. "ఎర్రలైటు వచ్చినవాడు తనకై తాను అడిగితేనే రెండోసారి. అదీ గేటు మూసేలోపు."

"పేరు పెట్టి పిలిస్తే?" నెమలి అంది.

"కాల్చేస్తారు," అన్నాడు ముక్కోపి. ఆ ఇద్దరూ ఎదురుచూస్తున్నది ఆ ఒక్క రుజువు కోసమే. ఎనభై ఐదు. తొంభై. మేస్త్రీ అడుగులో అడుగు వేస్తూ వెళ్తున్నాడు.

ముక్కోపి గదిలోంచి బయటికొచ్చి గేటు ముందు నిలబడ్డాడు. నిలబడి, ఊపిరి నిండా పీల్చి, ఎదురుగా ఉన్న వేలిముద్ర మెషిన్ని పట్టుకుని తిట్టడం మొదలుపెట్టాడు.

"ఏం మెషినయ్యా ఇది! దున్నపోతు నయం! పొద్దున్నించీ నిలబెట్టారు మనుషుల్ని! దీన్ని తెచ్చినవాడెవడు, పెట్టినవాడెవడు, చదవకుండా సంతకం చేసిన సన్నాసి ఎవడు? ఒకసారి కాదంటే నోరు మూసుకుని పోవాలా? పోయేవాడికైనా బుద్ధుండక్కర్లా? ఇంకోసారి చూడండని అడగడానికి నోరు లేదా?"

వరసలో కూలీలు బిత్తరపోయారు. రెయిలింగు దగ్గర ఇద్దరూ ఎవడో పొట్ట జారిన బ్యాంకు మేనేజర్ గొడవ పడుతున్నాడని నవ్వుకున్నారు. అతను నాటకమాడడం లేదు. పొద్దున్నించీ మింగినదంతా కక్కుతున్నాడు. చీఫ్‌ని, ఇంజనీర్ని, చప్పట్లు కొట్టిన హాలుని, అందర్నీ ఆ ఇనపడబ్బా మీద పెట్టి తిడుతున్నాడు. కళ్ళవెంట నీళ్ళొస్తున్నాయి, గొంతు ఆగడం లేదు.

మేస్త్రీ అడుగు ఆగింది.

ఆ గొంతు అతను పెళ్ళిచూపుల నాడు మొదటిసారి విన్నాడు. ఆ రోజు కుర్చీలు తక్కువయ్యాయని ఇంటిల్లిపాదినీ ఇలాగే తిట్టాడు ఆ గొంతు గలవాడు. మేస్త్రీ బకెట్టు కింద పెట్టాడు. తిరిగాడు. వెనక్కి నడిచొచ్చి సెంట్రీ ముందు రెండు చేతులూ చూపించాడు.

"అయ్యా, వేలికి సిమెంటు అంటుకుంది. తుడుచుకున్నాను. ఇంకోసారి చూడండి."

కెప్టెన్ గడియారం చూశాడు. గేటు మూసే గంట కొట్టేవాడు తాడు పట్టుకున్నాడు. రెయిలింగు దగ్గర నవ్వులు ఆగాయి. ఇద్దరూ పరుగందుకున్నారు. మెషిన్ ముద్ర సరిచూసుకుంటోంది. తొంభై తొమ్మిది. మేస్త్రీ వేలు అద్దం మీద ఆనింది.

గంట మొదటి దెబ్బ పడింది. పచ్చలైటు వెలిగింది.

సెంట్రీ అతన్ని లోపలికి లాగాడు, ఇనపగేటు దబ్బున పడింది, అవతలి ఇద్దరూ దానికి గుద్దుకుని ఆగారు. శాంతిదళం తుపాకులు ఎత్తేసరికి చేతులు జేబుల్లోంచి ఖాళీగా బయటికొచ్చాయి. నెమలి తనంతట తనే కెప్టెన్ ముందుకి రెండు మణికట్లూ చాపి, మంచి గది ఉంటే చూడమంది.

బావ ముక్కోపి భుజం మీద చెయ్యి వేశాడు. మొహం కొత్తది. చెయ్యి పాతదే, ఇంకా గరుకెక్కింది.

"నువ్వేం మారలేదురా. వంతెన సగం దాకా వినపడింది."

"బావా..." అన్నాడు ముక్కోపి. ఏడ్చేశాడు. ఏడుస్తున్నందుకు మళ్ళీ కోపమొచ్చింది.

"ఊరుకో. అయినా మనవాళ్ళ మీద అంత మండిపడతావెందుకు? ఏదో చిన్న తేడా వచ్చింది, రెండోసారికి వెలిగిందిగా. అన్నీ రెడీగా పెట్టుకునే ఉంటారు, పాపం."

ముక్కోపి సమాధానం చెప్పేలోపు ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్! చూశావా, చెప్పానుగా బ్యాకప్ ఉందని. ఆ డ్రైవ్ జాగ్రత్తగా పట్రా. మరీ అంత పెద్ద ఫైలట, ఎక్కడ పెడతాం? రాగానే హైయెస్ట్ లెవెల్‌లో కంప్రెస్ చేయించేద్దాం."

ముక్కోపి రెండడుగులు వెనక్కి వేసి, చెయ్యి బాగా చాపి, ఫోన్ని నది మధ్యకి విసిరాడు.

"ఎవర్రా?" అన్నాడు బావ.

"రాంగ్ నంబర్ బావా. పదేళ్ళుగా ఈ రాంగ్ నంబర్ దగ్గరే జీతం తీసుకుంటున్నాను."